తంతివార్త, ట్రంక్‌కాల్, కీబోర్డు

(సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత టెలిగ్రాఫిస్టు చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి డి.ఏ. గురించి, మెడికల్ బిల్లుల గురించి విని విని అలిసిపోయి ఉంటారు. భోజనాలకు ముందు అరగంటసేపు వేరే విషయం ఏదైనా మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను అడిగారు. "మీకు హార్మోనియం వచ్చు కదా, సంగీతం గురించి చెప్పండి" అన్నారు. సంగీతం గురించి చెప్పేటంత విద్వత్తు నాకు లేదు. ఘంటసాల గారు పుట్టిన చౌటపల్లి, క్షేత్రయ్య గారి మొవ్వ, కూచిపూడి అన్నీ మన కృష్ణా జిల్లాలోనే ఉన్నాయి. ఆ గాలి పీల్చినవాళ్ళ ముందు సంగీతం గురించి మాట్లాడటం సాహసం. అందుకని నాకు తెలిసిన తంతి పని గురించే చెబుతాను. అది వెళ్ళి సంగీతంలో ఎలా కూర్చుందో మనవి చేస్తాను.

మొన్న సంక్రాంతికి మా మనవడు ఒక చిన్న కీబోర్డు తెచ్చాడు. పాతిక మెట్లు ఉంటాయి. చూడగానే చెయ్యి ఊరుకోక నేను ఒక మెట్టు నొక్కాను. చప్పుడు రాలేదు. ఇంకొకటి నొక్కాను. అదీ పలకలేదు. "చెడిపోయిందిరా" అన్నాను. వాడు నవ్వి, "తాతయ్యా, ఇందులో శబ్దం ఉండదు. ఇది మిడి కీబోర్డు. ఏ మెట్టు నొక్కామో ఆ కబురు మాత్రం కంప్యూటరుకు పంపుతుంది. పాడేది కంప్యూటరే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ముప్పయ్యేళ్ళ పైగా నేను చేసిన ఉద్యోగం సరిగ్గా అదే. మీట నొక్కేది ఇక్కడ, పలికేది మరెక్కడో.

మిడి అంటే సంగీత వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తంతి భాష. ఒక మెట్టు నొక్కగానే తీగ మీద మూడు బైట్ల కబురు వెళుతుంది. మొదటిది "మెట్టు నొక్కారు, ఇది ఫలానా చానెలు" అని చెబుతుంది. రెండోది ఆ మెట్టు నంబరు. 0 నుంచి 127 దాకా నంబర్లు ఉంటాయి, పియానో నడిమి సి మెట్టు 60. మూడోది ఎంత గట్టిగా నొక్కారో చెబుతుంది. వేలు తీసేయగానే ఇంకొక కబురు. అంతే. అందులో వీణ నాదం లేదు, వేణువు ఊపిరి లేదు. ఏ వాయిద్యం పలకాలో కూడా ఒక నంబరే.

ఇది మనకు కొత్త సంగతి కాదు. గ్రీటింగ్స్ టెలిగ్రాం గుర్తుంది కదా? పెళ్ళికి శుభాకాంక్షలు పంపాలనుకున్నవాళ్ళు వాక్యమంతా రాసేవారు కాదు. పట్టికలో ఆ వాక్యానికి ఉన్న నంబరు రాస్తే చాలు. మనం నంబరు పంపితే అవతలి ఆఫీసులో దానికి సరిపడిన వాక్యం, పూల బొమ్మల కాగితం మీద, పెళ్ళివారింటికి చేరేది. శుభాకాంక్ష బెజవాడ నుంచి వెళ్ళినట్టే ఉండేది గాని, నిజానికి ఆ వాక్యం అవతలి ఊళ్ళో ముందే సిద్ధంగా ఉండేది. మిడి చేసేది కూడా ఇదే. ఇక్కడి నుంచి నంబరు వెళుతుంది, శబ్దం అక్కడ ముందే ఉంటుంది.

టెలిప్రింటరు మీద పనిచేసినవారికి ఇంకొక ముచ్చట చెబుతాను. ప్రతి అక్షరానికి ముందు ఒక స్టార్టు, వెనక ఒక స్టాపు పంపేవాళ్ళం కదా? మిడిలో ప్రతి బైటుకూ ముందొక స్టార్టు బిట్టు, వెనకొక స్టాపు బిట్టు ఉన్నాయి. మన టెలిప్రింటరు వేగం 50 బాడ్లు. మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు, అంటే దానికి 625 రెట్లు. మూడు బైట్ల కబురు సెకనులో సుమారు వెయ్యో వంతులో చేరిపోతుంది. వాయించేవాడికి ఆలస్యం తెలియదు. పేరు కొత్తది గాని సంసారం పాతదే.

ఇది ఎందుకు కావలసి వచ్చిందంటే, 1980 ప్రాంతంలో ఎలక్ట్రానిక్ వాయిద్యాలు చేసే కంపెనీలు చాలా ఉండేవి. ఒకరి యంత్రం మరొకరి యంత్రంతో మాట్లాడేది కాదు. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అనే చిన్న కంపెనీ నడిపే డేవ్ స్మిత్, జపానులో రోలాండ్ కంపెనీ అధినేత ఇకుటారో కకెహాషి పూనుకుని, మిగతా కంపెనీలను కూడగట్టి ఉమ్మడి భాష తయారుచేశారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాయిద్యాల ప్రదర్శనలో ఈ రెండు కంపెనీల యంత్రాలను ఒక తీగతో కలిపారు. ఒకదాని మెట్టు నొక్కితే రెండోది పలికింది. పోటీదారులు కలిసి చేసిన పని కాబట్టే అది నిలిచింది. వారిద్దరికీ 2013లో గ్రామీ సంస్థ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. మన టెలిగ్రాం సర్వీసుకు 2013 జూలై 14న సెలవు చెప్పారు. ఒకే ఏడాదిలో ఒక తంతికి సన్మానం, ఇంకొక తంతికి వీడ్కోలు. కాలం అలాంటిది.

సరే, కబురు చేరింది. ఇక పలికేదెవరు? అందుకు రెండు దారులున్నాయి. ఒకటి శబ్దాన్ని కొత్తగా తయారుచేయడం, రెండు దాచి ఉంచిన శబ్దాన్ని తీసి ఇవ్వడం.

మొదటి దారిని సింథసిస్ అంటారు. తంబురా తీగ మీటినప్పుడు మనకు ఒక్క స్వరమే వినపడినట్టు ఉంటుంది గాని, అందులో అసలు స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు వేగంగా కంపించే ఉపస్వరాలు కలిసి ఉంటాయి. వాటి పాళ్ళను బట్టే ఇది తంబురా, ఇది సన్నాయి అని చెవి గుర్తుపడుతుంది. వంటలో పాళ్ళు మారితే పప్పు పులుసైనట్టే. రెండో విషయం, శబ్దం ఎలా మొదలై ఎలా పోతుందన్నది. మృదంగం దెబ్బ ఒక్కసారి లేచి పడిపోతుంది. వయొలిన్ కమాను మెల్లగా ఎత్తుకుని, నిలిపి, విడుస్తుంది. ఎత్తు, దిగుడు, నిలుపు, విడుపు అనే ఈ నాలుగింటినీ, ఉపస్వరాల పాళ్ళనూ విద్యుత్తుతో అమర్చగలిగితే యంత్రం ఏ శబ్దానికైనా దగ్గరగా వెళ్ళగలదు. లోకంలో లేని శబ్దాన్నీ పుట్టించగలదు.

ఈ విద్య మన టెలిఫోను వాళ్ళ ఇంట్లో పెరిగిందని చెబితే మీకు సంతోషంగా ఉంటుంది. 1957లో అమెరికాలో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ అనే ఇంజనీరు కంప్యూటరు చేత 17 సెకన్ల పాట పలికించారు. 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ అనే సంగీతకారుడు ఒక స్వరాన్ని కంపింపజేస్తూ, ఆ కంపనాన్ని వేగం చేస్తూ పోయారు. ఒక దశ దాటాక చెవికి కంపితం వినపడటం మానేసి, గంట మోతలాగా, ఇత్తడి వాయిద్యంలాగా కొత్త నాదం వినపడింది. యమహా కంపెనీ ఆ విద్య కొనుక్కుని 1983లో డీఎక్స్ 7 అనే వాయిద్యంగా విడుదల చేసింది. ఆ తరువాతి పదేళ్ళ సినిమా పాటల్లో గణగణమనే ఆ శబ్దాలను మీరు తప్పకుండా విని ఉంటారు.

రెండో దారి శాంప్లింగ్. ఇది అచ్చంగా ట్రంక్‌కాల్ కథే. ఎక్స్ఛేంజీల్లో పీసీఎం సిస్టమ్స్ మీద పనిచేసినవారు ఈ సభలో ఉన్నారు. మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 8 బిట్ల అంకెగా మార్చి పంపేవాళ్ళం. అవతల ఆ అంకెలను మళ్ళీ మాటగా మార్చేవారు. పాటను అలాగే కొలిచి దాచిపెట్టడమే శాంప్లింగ్. సీడీకి సెకనుకు 44,100 కొలతలు, ఒక్కొక్కటి 16 బిట్లు. ఇంత తేడా ఎందుకంటే, పట్టుకోవలసిన కంపనం ఎంత వేగంగా ఉంటే దానికి కనీసం రెండింతల సార్లు కొలవాలి. టెలిఫోను 3,400 కంపనాల దాకా పట్టుకుంటే చాలనుకుంది. మనిషి చెవి 20,000 దాకా వింటుంది. ఫోనులో పాట చప్పగా ఉండటానికి కారణం అదే. ఈ రెండింతల లెక్కకు మూలం 1928లో నైక్విస్ట్ అనే ఇంజనీరు రాసిన వ్యాసం. అది పాట గురించి రాసింది కాదు, టెలిగ్రాఫ్ గురించి రాసింది.

దాచే స్థలంలో తేడా కూడా చూడండి. ఒక్క నిమిషం స్టీరియో పాటకు సీడీ లెక్కన కోటీ 5 లక్షల బైట్ల పైన కావాలి. అదే నిమిషంలో సెకనుకు పది మెట్ల చొప్పున వాయించినా, మిడి కబురు 3,600 బైట్లే. టెలిగ్రాంకూ ట్రంక్‌కాల్‌కూ చార్జీలో ఉండే తేడా లాంటిది.

ఈ రెండూ కలిశాక పాట తయారీ తీరే మారిపోయింది. మన చిన్నప్పటి సినిమా పాటకు మద్రాసులో వాద్యబృందమంతా ఒక హాల్లో కూర్చునేది. ఒక్కరు తప్పు వాయిస్తే అందరూ మళ్ళీ మొదటి నుంచి. సాలూరి రాజేశ్వరరావు గారు, టి.వి. రాజు గారు అలా పాటలు చేశారు. వారి కుమారులే కోటి గారు, రాజ్ గారు. ఆ ఇద్దరూ జంటగా సంగీతం చేసిన కాలానికి కీబోర్డూ కంప్యూటరూ వచ్చేశాయి. వారి దగ్గర కీబోర్డు వాయించిన కుర్రవాళ్ళలో ఏ.ఆర్. రెహమాన్ ఒకరు. ఆయన 1992లో 'రోజా' పాటలు తన ఇంటి దగ్గర కట్టుకున్న స్టూడియోలో చేశారు. తండ్రుల కాలంలో హాలు నిండా మనుషులు. కొడుకుల కాలంలో ఒక గది, ఒక బల్ల. మధ్యలో ఒక్క తరమే.

దీన్ని చూసి మన సంగీతం పాడైపోయిందని నిట్టూర్చేవారున్నారు. నాకు ఆ తొందర లేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. అది విదేశీ పెట్టె అనీ, దానిమీద గమకం పలకదనీ అభ్యంతరం. 1971లో గాని ఆ పట్టు సడలలేదు. మన విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అంటే రేడియోలో హార్మోనియానికి గడప దాటే యోగం లేని రోజుల్లోనే, ఇటు గుడివాడ నుంచి అటు బందరు దాకా పద్యనాటకం హార్మోనియం లేకుండా తెర ఎత్తేది కాదు. జనం ఎప్పుడో ఒప్పుకున్న పెట్టెను పెద్దలు తరువాత ఒప్పుకున్నారు.

అయితే గమకం మాట మాత్రం నిజం. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడే స్వరం కాదు, ఊగే స్వరం. మిడి నంబరు ఒకచోట నిలబడే మెట్టును చెబుతుంది. ఊపు చెప్పటానికి వేరే కబురు ఉంది. పక్కనున్న చక్రాన్ని తిప్పితే స్వరం జారుతుంది. అందులో 16,384 మెట్లున్నాయి, కాబట్టి కొరత లెక్కలో లేదు. ఆ ఊపు తెలిసిన చెయ్యి కావాలి, అంతే. 2020లో వచ్చిన మిడి 2.0లో ఒక్కొక్క స్వరాన్నీ విడివిడిగా ఊపే వీలు కూడా పెట్టారు. 1991లో అన్ని కంపెనీలకూ ఉమ్మడిగా 128 వాయిద్యాల జాబితా ఒకటి చేశారు. అందులో 105వది సితార, 112వది షెహనాయి. వీణ లేదు, మృదంగం లేదు. జాబితా రాసినవారి చెవికి మనం ఎంతవరకు వినపడ్డామో దాన్నిబట్టి తెలుస్తుంది.

టెలిగ్రాంలో కూడా ఇదే లోపం కదా? "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియెట్లీ" అని నేనే ఎన్నిసార్లు కొట్టానో. అమ్మకు జ్వరమైనా అవే మాటలు, అంతకు మించినదైనా అవే మాటలు. గొంతు ఉంటే తెలిసేది. తంతిలో గొంతు వెళ్ళదు.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. మా బావగారు, అంటే మా అక్కయ్య భర్త, నాటకాలకు తబలా, భజనలకు డోలక్ వాయించేవారు. డగ్గా మీద మణికట్టు జార్చి ఒక మూలుగు తీసేవారు. ఆ చెయ్యి ఆయనదేనని దివిసీమ దాకా తెలిసేది. 1990ల చివర్లో ఒక స్టూడియోవారు ఆయన్ని పిలిపించి, పాటేమీ లేకుండా, ఒక్కొక్క దెబ్బా విడివిడిగా వాయించమన్నారు. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి, జార్చి ఒకసారి. సాయంత్రానికి ఒక కచేరీ డబ్బు చేతిలో పెట్టి పంపారు. కాగితం, సంతకం ఏమీ లేవు. ఆయన అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

ఆ తరువాత ఏడాది కొండ కింద కేసెట్ల కొట్టు ముందు నడుస్తుంటే భక్తిపాటలో ఆ మూలుగు ఆయనకే వినపడింది. తరువాత ఇంకొక కేసెట్లో, మరొకదాంట్లో. ఆయనకు పిలుపులు మాత్రం తగ్గుతూ వచ్చాయి. నేను అప్పట్లో ఈ విద్యంతా కొత్తగా చదువుకుని ఉత్సాహంగా ఉన్నాను. "బావగారూ, ఎంత అదృష్టమో చూడండి, మీ చెయ్యి చిరంజీవి అయిపోయింది" అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "చెయ్యి బాగానే ఉందయ్యా, దాని వెనక మనిషిని కూడా అప్పుడప్పుడు పిలవమను" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈనాటికీ లేదు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే నాకు తట్టింది ఇది. మోర్సు పోయి టెలిప్రింటరు వచ్చినప్పుడు మనకు ట్రెయినింగ్ ఇచ్చారు. టెలిప్రింటరు పోయి కంప్యూటరు వచ్చినప్పుడు ఇంకొక సీటు ఇచ్చారు. టెలిగ్రామే పోయినా ప్రతినెలా మన పాసుపుస్తకంలో పెన్షను పడుతోంది. యంత్రం మారినందుకు మనం పస్తులున్నది లేదు. బావగారి సీటు మారినప్పుడు ఆయనకు ట్రెయినింగ్ లేదు, సీటు లేదు, పెన్షను లేదు. తేడా యంత్రంలో లేదు. మన వెనక ఒక సర్వీసు రూలు ఉంది, ఆయన వెనక లేదు.

కాబట్టి ఈ సభలో మూడు మనవులు చేసి ముగిస్తాను.

ఒకటి. మన ఇళ్ళల్లో పాడేవారు, వాయించేవారు ఉంటే, ఎవరైనా వారి శబ్దం రికార్డు చేస్తామంటే సంతోషంగా పంపండి, కాని కాగితం మీద రాయించుకోండి. దేనికి వాడతారు, ఎన్నాళ్ళు వాడతారు, పేరు వేస్తారా, డబ్బు ఎంత అన్నది అందులో ఉండాలి. మన కాపీరైటు చట్టంలో 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు వచ్చింది, 2012 సవరణతో అది మరింత గట్టిపడింది. చట్టం ఉన్నా, కాగితం లేనివాడి మాట చెల్లడం ఎంత కష్టమో ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఒకరు చెప్పాలా?

రెండు. 60 ఏళ్ళు దాటిన పేద కళాకారులకు ఆర్థిక సహాయం చేసే పథకం కేంద్ర సాంస్కృతిక శాఖలో ఉంది. మన నాటకాల తబలావారికి, క్లారినెట్‌వారికి ఆ దరఖాస్తు నింపటమే పెద్ద గండం. ఏ గడిలో ఏం రాయాలో, ఏ కాగితం జతచేయాలో మనకంటే బాగా తెలిసినవారెవరు? నెలకొక ఆదివారం మన సంఘం గదిలో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఆ ఫారాలు నింపిపెడితే బాగుంటుంది. నేను తప్పకుండా వస్తాను.

మూడు. పిల్లలు ఈ విద్య నేర్చుకుంటామంటే వద్దనకండి. మా మనవడు మొన్న, "తాతయ్యా, పెదతాతగారి డోలక్ ఇంకా ఉంది కదా, ఆ దెబ్బలు రికార్డు చేసుకుంటాను" అన్నాడు. బావగారు పోయి పదేళ్ళు దాటింది. డోలక్ మా అక్కయ్య ఇంట్లో అటక మీద ఉంది. వాయించేది బావగారి మనవడు. నేను ముందు అక్కయ్యను అడగమన్నాను. వాయించినవాడి పేరు పెట్టాలన్నాను. రెండు వాక్యాల ఒప్పందం నేనే రాసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాను. పిల్లలు నవ్వారు. అక్కయ్య మాత్రం నవ్వలేదు. ఆ కాగితం తీసుకెళ్ళి బావగారి ఫొటో వెనక దోపింది.

భోజనాలు సిద్ధమైనట్టు సాంబారు వాసన కబురు పంపుతోంది. అది మిడి కాదు, అసలు సరుకే.